నాన్నకి ఆవిర్లు

మా నాన్నకి 72 ఏళ్ళు. రాత్రిపూట నాలుగైదుసార్లు లేవడం మొదలైతే షుగరేమో అనుకున్నాం. షుగర్ లేదు. పీఎస్ఏ అనే రక్తపరీక్షలో 18 వచ్చింది. తర్వాత ఎమ్మారై, ఆ తర్వాత ముక్క తీసి పరీక్షకి పంపారు. ప్రోస్టేట్ కాన్సర్ అని తేలింది.

ఈ గ్రంథిని మనవాళ్ళు పౌరుష గ్రంథి అని కూడా రాస్తుంటారు. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కదా, నాకు మాటల మీద ఓ కన్ను ఉంటుంది. ఆ పేరు పెట్టినవారికో దండం! అలాంటి పేరు పెట్టాక ఏ మగవాడు నోరు విప్పి, నాకక్కడ ఇబ్బందిగా ఉంది అని ఇంట్లో చెప్తాడు చెప్పండి?

సంగతి తెలియగానే ఫోన్లు మొదలు. కోసి తీసేస్తే పీడా పోతుందని మావయ్య. ఈ వయసులో కత్తి పెట్టించొద్దని పిన్ని. బెంగుళూరు నుంచి మా తమ్ముడు, "అక్కా, రోబోతో చేస్తారట, అదే లేటెస్టు" అని. నాన్న మాత్రం ఏమీ అనలేదు. పేపరు తిరగేస్తూ కూర్చున్నారు.

డాక్టరు గారు మాత్రం ఓపిగ్గా చెప్పారు. నేను పాల లెక్క రాసుకునే పుస్తకం పట్టుకెళ్ళి అన్నీ రాసుకున్నాను. ముందు రిపోర్టులోని గ్లీసన్ అంకె. అది 6 నుంచి 10 దాకా ఉంటుంది. నాన్నది 4+3, అంటే 7. 3+4 అయినా ఏడే కదా అన్నాను. కాదుట. ముందున్న అంకె ఏ రకం కణాలు ఎక్కువగా ఉన్నాయో చెబుతుంది, అందుకని 4+3 కాస్త మొండిది. అదే 3+3 అని వస్తే చాలామందికి వెంటనే ఏ వైద్యమూ అక్కర్లేదు, అప్పుడప్పుడూ పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉంటే చాలు. కాన్సర్ అని చెప్పి వైద్యం వద్దంటే మన ఇళ్ళలో ఎవరైనా నమ్ముతారా?

బ్రిటన్‌లో చేసిన ఓ పెద్ద పరిశీలన గురించి కూడా ఆయనే చెప్పారు. జబ్బు గ్రంథి దాటని 1,643 మందిని మూడు జట్లు చేశారు. ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, మూడో జట్టుకి పరీక్షలు మాత్రమే. ఆ మూడో జట్టులో సగానికి పైగా తర్వాత్తర్వాత ఏదో ఒక వైద్యం తీసుకున్నారనుకోండి. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, మూడు జట్లలోనూ కలిపి ఈ జబ్బుతో పోయినవాళ్ళు 45 మందే. ఏ జట్టుకీ పెద్ద తేడా లేదు. 2023లో ఆ వివరాలు వచ్చాయి. నాన్నది అందులో చాలామందికంటే కాస్త ముదిరింది కాబట్టి ఊరికే చూస్తూ ఉండటం కుదరదన్నారు. స్కానింగులో ఎముకలకి పాకలేదని తేలింది కాబట్టి ఆపరేషన్ అయినా సరే, రేడియేషన్ అయినా సరే.

"మరి ఏది మంచిదండీ?" అన్నాడు తమ్ముడు. "దేనివల్ల వచ్చే ఇబ్బందితో ఆయన బతకగలరో అది" అన్నారాయన.

ఆపరేషన్ అయితే ఓ వారం పదిరోజులు గొట్టంతో ఉండాలి. అది తీశాక కొన్ని వారాలో నెలలో మూత్రం తెలియకుండా జారుతుంది. చాలామందికి తగ్గుతుంది, కొద్దిమందికి పూర్తిగా తగ్గదు. రేడియేషన్ అయితే కోత లేదు. కానీ మంట, విరేచనం ఆపుకోలేకపోవడం, కొందరికి ఎప్పుడో తర్వాత రక్తం పడటం ఉంటాయి. దానితో పాటు ఆరు నెలలు హార్మోను ఇంజెక్షన్లు. పైగా ఆపరేషన్ అయ్యాక అవసరమైతే రేడియేషన్ ఇవ్వచ్చు, రేడియేషన్ అయ్యాక ఆపరేషన్ చెయ్యడం చాలా కష్టం. రెండింటిలోనూ కాపురానికి సంబంధించిన సంగతి దెబ్బతినొచ్చు.

ఆ మాట దగ్గర డాక్టరు గారు నావంక చూసి ఆగారు. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ బయట బెంచీ మీద సంచీ పట్టుకుని కూర్చుని ఉంది. ఈ మాట వినాల్సింది ఆవిడ కదా! వెళ్ళి లోపలికి పంపి, తమ్ముణ్ణి తీసుకుని నేను బయటికొచ్చాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. బయటికొచ్చాక, "మీ నాన్న బట్ట తడుపుకుని రోజూ సాయంత్రం గుళ్ళో భజనలో కూర్చోలేరు. కరెంటే పెట్టించండి" అంది. మా అమ్మకి రేడియేషన్ అంటే కరెంటు. నాన్న తలూపారు. ఇరవై రోజుల ఫోన్లు అక్కడితో ఆగాయి.

ఆ బెంచీ మీదే ఓ పల్లెటూరి ఆవిడ కలిసింది. వాళ్ళాయనకి ఎముకల దాకా పాకింది. ఎప్పటికీ ఇంజెక్షన్లు కొనలేమని వృషణాలు తీయించేస్తున్నారు. అదీ వైద్యమే. ఈ కాన్సర్‌కి మగ హార్మోనే తిండి అని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు చూపించారు, 1966లో నోబెల్ వచ్చింది. ఇంజెక్షన్ చేసే పనే అదీ చేస్తుంది, ఒక్కసారితో. కాకపోతే మళ్ళీ వెనక్కి రాదు. ఆవిడ ఏడవలేదు. "మనిషి ఉంటే చాలమ్మా" అంది.

నాన్నకి నాలుగు వారాలు, వారానికి ఐదు రోజులు రేడియేషన్. ప్రతిరోజూ ముందుగా నీళ్ళు తాగి, మూత్రసంచి నిండుగా పెట్టుకుని వెళ్ళాలి. పేగులు పక్కకి జరిగి దెబ్బ తక్కువ తగులుతుంది. మెషీన్ ఆలస్యమైన రోజు ఆయన అవస్థ చూడాలి!

అసలు కథ ఇంజెక్షన్లతో మొదలైంది. హార్మోను తగ్గేసరికి నాన్నకి ఆవిర్లు వచ్చాయి. అవునండీ, మనకి వచ్చేవే. అర్ధరాత్రి ఒళ్ళంతా భగ్గుమని, చెమటలు పట్టి, లేచి కూర్చునేవారు. పదిహేనేళ్ళ కిందట అమ్మ ఇలాగే లేచి కిటికీ తీస్తే, "చలిలో ఇదేం చోద్యమే" అని కసిరిన మనిషి. అమ్మ ఆ మాట ఎత్తలేదు. నూలు బనీన్లు కొంది, రాత్రి కాఫీ మానిపించింది, మంచం పక్కన చెంబుతో చన్నీళ్ళూ తడిగుడ్డా పెట్టింది. ఎముకలు గుల్లబారతాయని డాక్టరు చెప్పిన కాల్షియం బిళ్ళలు చేతిలో పెట్టి, పొద్దున్నే నడిపించేది. ఒకరోజు నాన్న, "నీకిది ఎన్నాళ్ళుందే?" అని అడిగారు. "నాలుగేళ్ళు" అంది, పప్పు ఏరుతూ. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇంజెక్షన్లు అయిపోయాయి. మొన్నటి పీఎస్ఏ 0.1. ఆవిర్లు పూర్తిగా పోవడానికి ఇంకొన్ని నెలలు పట్టొచ్చన్నారు. అందాకా ఫ్యాను ఐదు మీదే తిరుగుతుంది, అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటోంది.