నాయన మీటరు

ముల్లు ఎర్రగీత దాటిన రోజు నేను అనుమానించింది ముల్లునే. ఇంజనును కాదు.

1984లో మా నాయన కొన్న అంబాసిడర్ మార్క్ 4 అది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికలున్న ఉత్తరపాడా బండి, 1489 సీసీ పెట్రోలు ఇంజను. డాష్‌బోర్డు కింద నాయన విడిగా ఒక టెంపరేచర్ మీటరు బిగించుకున్నాడు. కరెంటుతో పనిలేని పాత రకం. ఇంజను హెడ్డులో నీళ్లు తగిలేచోట ఇత్తడి బుడ్డి, అక్కడినుంచి మీటరు దాకా సన్నని రాగి గొట్టం, లోపల ఈథర్. నీళ్లు కాగేకొద్దీ ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి, మీటరులోని వంపు గొట్టం విచ్చుకుని ముల్లును తోస్తుంది. అంకెలు ఫారన్‌హీటులో ఉండేవి. 200 దగ్గర నాయన గోళ్లరంగుతో గీత పెట్టాడు. అది దాటితే ఎక్కడున్నా బండి పక్కకు తీసేవాడు.

ఆయన పోయిన రెండేళ్లకు ముల్లు ఆ గీత దాటడం మొదలుపెట్టింది. మీటరు ముసలిదైపోయింది అనుకున్నాను. నిజానికి ఆ రకం మీటరుకు గొట్టం చిల్లుపడి ఈథర్ పోతే ముల్లు కిందికి వాలుతుంది, పైకెక్కదు. పైకి చూపిస్తోందంటే ముందు అనుమానించాల్సింది రేడియేటర్‌ని. ఆ రెండేళ్లూ నేను పోసింది నంద్యాల బోరు నీళ్లు. నాయన వాననీళ్లు పట్టి దాచి పోసేవాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఒక ఆదివారం నేనే స్పానర్ పట్టుకున్నాను. బుడ్డి నట్టు బిగుసుకుపోయి ఉంది. బలంగా తిప్పితే నట్టుతోపాటు గొట్టమూ మెలిపడి తెగింది. ఘాటైన ఈథర్ వాసన ఒక్కసారి గుప్పుమని పోయింది. ముల్లు అడుగుకు పడిపోయింది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది కాబట్టి దొరికిందే భాగ్యమనుకుని ఒక ఎలక్ట్రిక్ మీటరు కొన్నాను. సెన్సార్ వేరే కంపెనీది. మర సరిపోయింది, అదే చాలనుకున్నాను. సెన్సార్ లోపల వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఆ లెక్కకు తగ్గట్టే ముల్లు కదులుతుంది. ఒకరి లెక్కకు చేసిన సెన్సార్‌ను ఇంకొకరి మీటరుకు కలిపితే ముల్లు కదలనైతే కదులుతుంది గాని, అది చెప్పేది నిజం కాదు. నా ముల్లు సగం దగ్గర కుదురుగా నిలబడింది. చూసి ఎంత నెమ్మదించానో!

మే నెలలో అమ్మను అహోబిలం తీసుకుపోదామని బయలుదేరాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ 40 కిలోమీటర్ల పైచిలుకు. శిరివెళ్ల దాటాక ఇంజను గుంజడం తగ్గింది. ముల్లు సగంలోనే ఉంది. పోనిచ్చాను. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది, బండి ఆగిపోయింది. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే అమ్మ గట్టిగా అరిచి ఆపింది.

వేపచెట్టు కింద, ఆ వడగాలిలో, ఆమె రెండు గంటలు కూర్చుంది. నన్నొక్క మాట అనలేదు. చివరికి మాత్రం, "మీ నాయనైతే శిరివెళ్ల రాకముందే నిలిపేవాడు" అంది.

ట్రాక్టరుకు మోకు కట్టి ఆళ్లగడ్డ చేర్చాం. పక్కన శిల్పుల షెడ్లలో ఉలుల మోత. మెకానిక్ పెద్దాయన ముందు ఇంజను జోలికి పోలేదు. సెన్సార్ విప్పాడు, టీ కొట్టు పొయ్యి మీద కాగుతున్న నీళ్లలో దాన్ని వేలాడదీసి, బ్యాటరీనుంచి వైర్లు కలిపాడు. "సూడు సామీ. నీళ్లు కుతకుత ఉడుకుతాంటే నీ ముల్లు సగం కాడికే ఎక్కుతాంది."

హెడ్ గాస్కెట్ కాలిపోయింది, హెడ్డు వంగింది. లేత్‌లో పెట్టి చదును చేయించాం. రేడియేటర్ విప్పితే గొట్టాల్లో సున్నంలా తెల్లటి పొర. డబ్బు సంగతి ఎలాగో సర్దుకున్నాను. ఆ ఏడు అమ్మకు నరసింహస్వామి దర్శనం కాలేదు, అది మాత్రం ఇంకా మనసులో కలుక్కుమంటూనే ఉంది.

నాలుగు నెలలు వెతికితే నాయన మీటరు లాంటిదే ఒకటి పాత సామాన్ల అంగట్లో దొరికింది. బండికి బిగించేముందు వంటింట్లో గిన్నెలో నీళ్లు మరిగించి, గొట్టం మెలిపడకుండా రెండు చేతులతో పట్టుకుని, బుడ్డి ముంచాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని డయల్ మీదికి వంగింది.

"రెండొందల పన్నెండు కాడ నిలబడింది నాయనా," అంది. "గీత ఏడ పెట్టాల?"