ఫణిగిరి గార, మిర్యాలగూడ ఊక

సూర్యాపేటలో బస్సు దిగేటప్పటికి నా ఫోనులో రెండు ఫోటోలు ఉన్నాయి. ఒకటి 2010లో లండన్ టేట్ మోడరన్ మ్యూజియం హాల్లో చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ పరిచిన పొద్దుతిరుగుడు గింజలు. పది కోట్ల గింజలు, అన్నీ పింగాణీవే. జింగ్‌డెజెన్ అనే ఊళ్లో 1,600 మంది రెండున్నరేళ్ల పాటు ఒక్కొక్క గింజకూ చేత్తో చారలు దిద్దారు. రెండో ఫోటో 2019లో ఫణిగిరి కొండ మీద తవ్వకాల్లో బయటపడ్డ బోధిసత్త్వుడిది. మనిషంత ఎత్తు, 1.73 మీటర్లు. దేశంలో ఇంతవరకు దొరికిన గార బొమ్మల్లో ఇదే పెద్దదని అప్పట్లో పత్రికలు రాశాయి.

పింగాణీ కళ గురించి ఎక్కడ మాట్లాడినా చైనా, జపాన్, జర్మనీ పేర్లే వస్తాయి. మన నేల మీద తెల్లని బొమ్మ చేసే చేతులు లేవా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దారి పట్టాను.

ఫణిగిరి నాగారం మండలంలో ఉంది. పాము పడగలా లేచిన కొండ, కింద పొలాలు, పైన ఇటుకల వరసలు, విరిగిన స్తంభాలు, స్తూపం అడుగు. 1940ల్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఇక్కడ మొదట తవ్వింది. 2000 తర్వాత మళ్లీ తవ్వినప్పుడు సున్నపురాయి తోరణం, శిల్పాలు బయటికొచ్చాయి. ఆ తోరణపు దూలం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘ట్రీ అండ్ సర్పెంట్’ ప్రదర్శనకు వెళ్లింది. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి.

గొర్లు కాస్తున్న పెద్దాయన నా వెంట కొంత దూరం నడిచాడు. “సార్, గీ ఇటుక సూడున్రి. మా ఇండ్లకు పెట్టే ఇటుక దీని ముందట ఏం లెక్క?” అంటూ చేత్తో జానలు వేసి చూపించాడు.

నా మనసంతా ఆ గార బొమ్మ మీదే ఉంది. రాతి శిల్పంలో పనంతా తొలగించడమే, గారలో పనంతా చేర్చడమే. లోపల ఇటుకతో ఆకారం కట్టి, దాని మీద వరిఊక కలిపిన మట్టి మెత్తి, చివర సున్నపు గారతో కళ్లూ పెదవులూ నగలూ తీర్చారు. ఊక ఎందుకంటే, తడిమట్టి ఆరేటప్పుడు బిగుసుకుపోయి పగలకుండా అది పట్టి ఉంచుతుంది. మట్టి పగులుతుందన్న భయం ఆనాటి వాళ్లకూ ఉంది, ఇప్పుడు పింగాణీ పోసే వాళ్లకూ ఉంది.

గార పింగాణీ కాదు, ఆ తేడాను దాచిపెట్టకూడదు. గార గాలికి ఆరి గట్టిపడుతుంది. పింగాణీ చీనామట్టి, ఫెల్స్‌పార్, పలుగురాయి కలిసి 1300 డిగ్రీల దగ్గర సగం గాజుగా మారితే పుడుతుంది. పలచగా చేస్తే వెలుతురు దూరుతుంది. బట్టీలో ఆరోవంతు దాకా కుంచించుకుపోతుంది. తడిగా ఉన్నప్పుడు ఒక పక్కకు వంగితే, సరిచేసి నిలబెట్టినా మంటలో మళ్లీ అటే వంగుతుంది. చేసినవాడి తొందరనూ తడబాటునూ మట్టి మరిచిపోదు.

పిల్లలమర్రి వైపు వెళ్లి ఎరకేశ్వరాలయంలో కాసేపు కూర్చున్నాను. 1208లో రేచర్ల వారి ఇంట ఎరకసానమ్మ కట్టించిన గుడి. నల్లరాతి స్తంభాలను నునుపు చేసిన తీరు చూస్తుంటే, సానరాయి పట్టినవాళ్ల భుజాలు గుర్తొచ్చాయి. అంతకన్నా అక్కడ చెప్పేది లేదు, నేను వచ్చింది తెలుపు కోసం.

కోదాడ చేరాక ఆ తెలుపు నేలలోనే కనిపించింది. మేళ్లచెరువు, మట్టంపల్లి, హుజూర్‌నగర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయంటే కింద సున్నపురాయి పరుచుకుని ఉంది కాబట్టి. కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఈ రాయినే నాగార్జునకొండ, అమరావతి శిల్పులు చెక్కారు. కాల్చి, నీళ్లలో వేసి, మాగబెట్టి, నూరితే గార అయ్యేదీ ఈ జాతి రాయే. ఇప్పుడు అదంతా బస్తాల్లోకెక్కి హైదరాబాదు గోడలకు పోతోంది. ఇళ్లు కట్టాల్సిందే, కాదనను. కానీ లారీలన్నిటి వెనక ఒక్క శిల్పి చెయ్యికైనా ఆ రాయి చేరడం లేదే అని బాధ కలిగింది.

కళాకారులు లేక కాదు. హైదరాబాదులో చదివి బరోడాలో సిరామిక్స్ నేర్చిన పి.ఆర్. దరోజ్ కాల్చిన మట్టితో నిలువెత్తు ద్వారాలూ స్తంభాలూ నిలబెట్టారు. మన దేశంలో కుండను దాటి సిరామిక్ ఒక కట్టడంగా నిలవగలదని చూపించిన తొలితరం వారిలో ఆయన ఒకరు. ఫణిగిరి తోరణం చూసి వచ్చినవాడికి ఆ ద్వారాలు పరాయివి అనిపించవు. 1971లో పుదుచ్చేరిలో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్న ఆర్తి వీర్ హైదరాబాదులో పనిచేస్తున్నారు. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రయనాలే జరిగింది. గది నిండా పరిచి, వేలాడదీసి, పగలగొట్టి చూపే మట్టిపనులకు అక్కడ చోటు దొరికింది. ఇవన్నీ మహానగరాల్లో, కళాశాలల చుట్టూనే జరుగుతున్నాయి. మట్టి ఉన్న చోట బట్టీ లేదు, బట్టీ ఉన్న చోటికి మట్టి లారీలో రావాలి.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు పోయే దారంతా సాగర్ ఎడమకాలువ నీళ్ల పచ్చదనం. ఊరు దగ్గరయ్యేకొద్దీ ఉప్పుడు బియ్యం మిల్లుల పొగగొట్టాలు వరసగా కనిపిస్తాయి. వడ్లు ఉడకబెట్టే బాయిలర్లలో మండేది ఊకే. ఒక మిల్లు వెనక బూడిద గుట్టలు పోసి ఉన్నాయి. హమాలీ ఒకతను, “దీన్నేం జేస్తవన్నా? ఇటుక బట్టీలోళ్లు కొంచెం తీస్కపోతరు, మిగిలిందంత గాలికి మా కండ్లల్లనే పడ్తది” అన్నాడు.

ఆ బూడిదలో నూటికి ఎనభై పైచిలుకు సిలికానే. గాజుకూ పింగాణీ మెరుపుకూ మూలం అదే. జపాన్ కుమ్మరులు ఊక బూడిదతో పాలమీగడ రంగు పూత తయారుచేసి గిన్నెల మీద పోస్తారు. దాని పేరు నుకా. ఫణిగిరి పనివాడు ఊకను మట్టిలో కలిపాడు, జపాన్ కుమ్మరి దాని బూడిదను మెరుపుగా మార్చాడు, మనం హమాలీల కళ్లలో పోస్తున్నాం.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని హైదరాబాదులో మట్టిపని చేసే స్నేహితురాలికి ఫోన్ చేశాను. బూడిదను కడిగి, జల్లెడ పట్టి, ఫెల్స్‌పార్‌తో కలిపి ఒక పింగాణీ పలక మీద కాల్చి చూస్తావా అని అడిగాను. “రెండు కిలోలు చాలు పంపండి. ఏ మిల్లుదో, ఏ బాయిలర్‌దో సంచి మీద రాయండి. నల్లగా ఉన్నది వేరే సంచిలో, తెల్లబారినది వేరే సంచిలో పెట్టండి. కాలిన తీరు మారితే పూత మారిపోతుంది” అంది. పొద్దున్నే మళ్లీ మిల్లు దగ్గరికి వెళ్లి, హమాలీ తెచ్చిన చేటతో రెండు సంచులు నింపుకున్నాను.