ఉలి తరువాతే రూటర్: బోస్టన్‌లోని ఒక వృత్తి విద్యాలయం

బోస్టన్ నగరంలోని హేమార్కెట్ స్టేషన్‌లో దిగి, ఇటాలియన్ మిఠాయి దుకాణాలకు పేరుపడిన నార్త్ ఎండ్ వీధుల్లో కొద్ది దూరం నడిచిన సందర్శకునికి, ఒకప్పుడు నగర ముద్రణాలయమూ పోలీసు ఠాణా ఉన్న భవనాల్లో 2013 నుంచి నడుస్తున్న నార్త్ బెనెట్ స్ట్రీట్ స్కూల్ కనిపిస్తుంది. ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ కుమార్తె పాలీన్ అగాసీ షా, వలస వచ్చిన కుటుంబాలకు బతుకుతెరువు చూపే ఉద్దేశంతో 1880లలో నెలకొల్పిన ఈ విద్యాలయంలో నేడు వయొలిన్ తయారీ, పుస్తకాల బైండింగు, పియానో మరమ్మతు వంటి పనులతో పాటు కలప సామాను తయారీని కూడా నేర్పుతున్నారు.

కలప సామాను విభాగంలో ఉలి నూరడం, చిత్రిక పట్టడం ముందు వస్తాయి, యంత్రాలు ఆ తరువాత వస్తాయి. పాతకాలపు పట్టింపులా తోచే ఈ వరుస, చేతిలో పట్టుకుని నడిపే రూటర్ విషయంలో నిజానికి భద్రతా పాఠమే. రూటర్ అంటే నిలువు మోటారు కొసన బిగించిన బిట్‌ను నిమిషానికి సుమారు 10,000 నుంచి 25,000 సార్లు తిప్పుతూ, పలకలో గాడి తీయడానికో అంచుకు ఆకారం దిద్దడానికో వాడే పనిముట్టు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో కార్టర్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన విద్యుత్ రూటర్ వ్యాపారాన్ని 1929లో స్టాన్లీ సంస్థ కొనుగోలు చేసింది.

రూటర్ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది దిశ. పైనుంచి చూస్తే బిట్ గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి, తనకు దగ్గరగా ఉన్న అంచు మీద పనిచేసేవాడు యంత్రాన్ని ఎడమ నుంచి కుడికి నడపాలి. అంటే పలక చుట్టూ బయటి అంచులకు అపసవ్యంగానూ, చట్రం లోపలి అంచులకు సవ్యంగానూ కదలాలి. అప్పుడు కొయ్య బిట్‌కు ఎదురు నెడుతూనే యంత్రాన్ని అంచుకు ఆనించి ఉంచుతుంది. దిశ తిరగబడితే బిట్ చక్రంలా కొయ్య మీద పాకి, యంత్రాన్ని ముందుకు లాక్కుపోతుంది. చిత్రిక పట్టి నార ఎదురు తిరగడాన్ని అరచేతితో ఎరిగినవాడికి ఈ నియమం బట్టీ పట్టవలసిన సూత్రంగా మిగలదు.

బిట్ కాడను బిగించే చీలికల ఉక్కు గొట్టాన్ని కోలెట్ అంటారు. ప్లగ్గు తీసిన తరువాతే బిట్ మార్చాలి. కాడను అడుగుదాకా దించి, సుమారు 3 మిల్లీమీటర్లు పైకి తీసి బిగించాలి, లేకపోతే పట్టు సరిగా కుదరదు. లోతైన గాడిని ఒక్క ఊపులో కాక, ఒక్కో విడతకు ఆరు మిల్లీమీటర్లు మించకుండా తీయాలి. నిమిషానికి 24,000 చుట్ల వద్ద అర అంగుళం బిట్ అంచు గంటకు సుమారు 57 కిలోమీటర్ల వేగంతో కదిలితే, మూడు అంగుళాల బిట్ అంచు వేగం 345 కిలోమీటర్లకు చేరుతుంది. పెద్ద బిట్‌కు వేగం తగ్గించాలనడానికి ఇంతకన్నా వేరే వాదన అక్కరలేదు. పలక నాలుగు అంచులనూ దిద్దేటప్పుడు నారకు అడ్డంగా కోసిన కొసలను ముందు ముగిస్తే, అక్కడ చివర చిట్లిన కొయ్య తరువాతి నిలువు అంచుల పనిలో పోతుంది. అంచు నల్లగా మాడిందంటే బిట్ మొద్దుబారిందనో, చెయ్యి ఒకచోట ఆగిందనో అర్థం. కళ్లద్దాలు, చెవి కప్పులు, ధూళిని లాగే గొట్టం సంగతి చెప్పనే అక్కరలేదు. కొయ్య ధూళి కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఇప్పటికే నిర్ధారించింది.

అయినా సొరుగుల మూలల్లో పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి ఇమిడే డవ్‌టెయిల్ కూర్పును ఉలితో చేసే అభ్యాసం ఈ విద్యలో నిలిచే ఉంది. బిట్ మెడ దూరేంత సందు లేనిచోట రూటర్ పనిచేయదు. పాతకాలపు సొరుగుల్లో సూదిమొనలా సన్నబడే పళ్ల మధ్య ఆ సందు ఉండదు.