సీపీయూ ఖాళీగా లేదు

మన ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో థ్రాషింగ్ అని ఒక టాపిక్ ఉంటుంది. ఐదు మార్కుల ప్రశ్న అని చదివేసి, పరీక్ష కాగానే మర్చిపోతాం. నాకు మాత్రం మా అక్క వల్ల గుర్తుండిపోయింది.

ముందు టాపిక్ చెప్తాను. మెమరీలో పట్టేదానికంటే ఎక్కువ ప్రోగ్రాములు ఒకేసారి నడిపితే, డిస్క్ నుంచి పేజీలు తేవడం, పంపడం, మళ్లీ తేవడం... ఇదే సరిపోతుంది. అసలు పని జరగదు. పేజీ వచ్చేదాకా ప్రాసెసర్ ఎదురుచూస్తూ ఉంటుంది. అది చూసి సిస్టమ్ 'ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా' అనుకుని ఇంకో ప్రోగ్రాంని లోపలికి పంపుతుంది. దాంతో పరిస్థితి ఇంకా పాడవుతుంది. పీటర్ డెనింగ్ 1968లోనే దీని మీద పేపర్ రాశారు. ప్రాసెసర్ స్పీడు పెంచితే ఇది పోదు. నడుస్తున్న ప్రోగ్రాముల్లో కొన్నింటిని కాసేపు పక్కన పెట్టాలి.

ఇప్పుడు అక్క సంగతి. మా పెద్దమ్మ కూతురు. ఇల్లు నాచారం, ఆఫీసు ఉప్పల్. టెస్టింగ్‌లో ఉన్నన్ని రోజులు తనకి తిరుగులేదు. ఒక బగ్ వెంట పడితే తిండి కూడా గుర్తుండేది కాదు. ఆ పేరుతోనే తొమ్మిది మంది టీమ్‌కి లీడ్‌ని చేశారు. కానీ లీడ్ పని వేరు. ఒక దాని మీద కూర్చోవడం ఉండదు. ఒకరికి లీవ్ కావాలి, ఇంకొకరికి డౌట్, ఈలోపు క్లయింట్ కాల్, మధ్యలో పింగ్‌లు. సాయంత్రానికి ఏదీ పూర్తయ్యేది కాదు. పని ఆలస్యమయ్యేకొద్దీ పైవాళ్లు ఇంకో రివ్యూ మీటింగ్ పెట్టేవాళ్లు. ఆఫీసు అయ్యాక సెల్లార్‌లో స్కూటీ మీద ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుని, అప్పుడు బయల్దేరేదట. ఉప్పల్ రింగ్ రోడ్డు హారన్లు తట్టుకోవడానికి ముందే ఓపిక కూడగట్టుకోవాలి కదా.

అప్పుడే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లింది. ఏడీహెచ్‌డీ అన్నారు. డీఎస్ఎం-5 ప్రకారం లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి. అందుకని డాక్టర్ చిన్నప్పటి సంగతులు అడిగితే, పెద్దమ్మ పాత ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లింది. ప్రతి ఏడాదీ ఒకటే మాట: తెలివైనదే, ధ్యాస ఉండదు. పెద్దమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆఫీసులో చెప్పొచ్చు కదా అని అడిగాను. "చెప్తే రేపు ఏది చెడినా దాని మీదికే తోస్తరు రా" అంది. చట్టం చూశాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం పాత 7 రకాల జాబితాని 21కి పెంచింది. ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం విడిగా లేదు. పెద్దగా ధైర్యం వచ్చే సమాధానం కాదు.

అందుకని అక్క జబ్బు పేరు చెప్పకుండా, పని ఎలా జరగాలో మాత్రం అడిగింది. డౌట్లన్నీ ఒకే చోట రాయాలి, తను పదకొండున్నరకి, నాలుగింటికి చూస్తుంది. నిజంగా కొంప మునిగేది ఉంటేనే ఫోన్. బోర్డు మీద ఎప్పుడూ మూడు పనులే, నాలుగోది రావాలంటే ఒకటి దిగాలి. షెడ్యూల్ ట్రాకింగ్, ఆ పనంటే ఇష్టమున్న ఒక జూనియర్‌కి ఇచ్చేసింది. స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు ఇంటి నుంచే పని.

అందరికీ నచ్చలేదు. "మేడమ్ దొరకదు" అని ఇద్దరు పైన చెప్పారు కూడా. రిలీజ్ వారం వస్తే ఇప్పటికీ అక్క ఇంటికొచ్చి లైట్ ఆర్పేసి పడుకుంటుంది. మందులు వాడుతోంది, వాటితో కొంత మేలు, అంతే. కానీ సెల్లార్‌లో కూర్చోవడం తగ్గింది. లీడ్ అయిన కొత్తలో రాసుకున్న రాజీనామా మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. పంపలేదు, డిలీటూ చేయలేదు. "ఉండనీ, అదుంటే ధైర్యం" అంటుంది.

వచ్చే ఏడాది మనలో చాలామంది మినీ ప్రాజెక్ట్ టీమ్‌లు నడుపుతాం. అన్నీ ఒప్పుకుని ఏదీ ఇవ్వని మనిషి ప్రతి టీమ్‌లో ఒకరుంటారు. ఖాళీగా ఉన్నారనుకుని ఇంకో టాస్క్ పెట్టేస్తాం. అలా పెట్టే ముందు, వాళ్ల మీద ఉన్నవాటిలో ఏది తీసేయాలో ఒకసారి అడుగుదాం. ఆ మనిషి మనమే అయితే, ఎవరూ అడగకముందే మనమే చెప్పుకోవాలి. రెండోదే కష్టం. అక్కకి దానికి ఏడాది పట్టింది.