ఏ నీళ్ళకి?

గుంటూరులో ఎక్కిన ప్యాసింజరు దొనకొండ దాటేసరికి ఎండ పైకొచ్చింది. మార్కాపురం రోడ్డులో సగం పెట్టె ఖాళీ అయింది. ఆ తర్వాత తర్లుపాడు, దాని తర్వాత కంభం. కిటికీలోంచి కంది చేలు, ఎర్రమట్టి, వెనకాల నల్లమల. నేను పోవాల్సింది గిద్దలూరు, పిన్ని వాళ్ళింటికి. టికెట్టు కూడా అక్కడికే తీసుకున్నాను. అయినా కంభంలో దిగిపోయాను. కార్తీకం వానలకి చెరువులోకి నీళ్ళొచ్చాయని పిన్ని ఫోనులో చెప్పిన దగ్గర్నుంచి మనసు అక్కడే ఉంది. సంచికి కట్టిన గాలపు కర్ర కూడా అందుకే తెచ్చుకున్నాను.

చిన్నప్పుడు సెలవులకి గిద్దలూరు వచ్చినప్పుడల్లా నాన్న నన్ను కంభం చెరువుకి తీసుకొచ్చేవాడు. అప్పుడు ఈ రైలు దారి మీటర్ గేజి. నాన్నది వెదురు కర్ర, తంగూసు, జీలుగు బెండు. అంతకుమించి ఏమీ ఉండేది కాదు. నాకిప్పుడు మడిచే కర్ర ఉంది, రీలు ఉంది. నగరంలో ఒక పెద్ద దుకాణంలో కొన్నాను. ఎంతలో కావాలి సార్ అని అడిగారు, అంతలోది చేతిలో పెట్టారు. దారం వాళ్ళే చుట్టిచ్చారు. మొదటిసారి విసిరినప్పుడే ఆ దారం మెలికలు తిరిగి పిచ్చుక గూడులా ముద్దకట్టింది. తీసుకుపోయి చూపిస్తే కొత్త దారం కొనమన్నారు.

కంభం బజారులో గాలాలు ఎక్కడ దొరుకుతాయని టీ కొట్టులో అడిగితే ఒక సందు చూపించారు. పది అడుగుల వెడల్పున్న అంగడి. బయట పలుపుతాళ్ళు, పగ్గాలు, గొర్రెల మెడ గంటలు, నీలం టార్పాలిన్లు వేలాడుతున్నాయి. వాటి వెనక వలలు, సీసం గుళ్ళు, తంగూసు కండెలు. ఈ సరుకంతా ఒకేచోట ఎందుకుందో తర్వాత అంగడి పెద్దాయనే చెప్పాడు. చెరువు నిండిన ఏడు వలలు ముందుకొస్తాయి, ఎండిన ఏడు పగ్గాలు ముందుకొస్తాయి. ఈ ప్రాంతంలో వ్యాపారం చేసేవాడికి ఆకాశంతో పొత్తు తప్పదు.

గుమ్మం పక్కన మేకుకి ఒక పలక వేలాడుతోంది. మార్కాపురం పలక. నేను అక్షరాలు దిద్దుకున్నది ఇలాంటి నల్లరాతి పలక మీదే. ఒకప్పుడు ఊరూరి బడిపిల్లల సంచుల్లోకి మార్కాపురం నుంచి పోయిన పలకలివి. ఇప్పుడు ఆ రాయి ఇళ్ళ గోడలకి, నేలకి పోతోంది. ఈ పలక మీద సుద్దతో మూడు వరుసలు రాసి ఉన్నాయి: “చెరువు – నీళ్ళు మట్టిగా ఉన్నాయి. ఎర్రలు. 8 నంబరు.”

“ఏ నీళ్ళకి అబ్బయ్యా?” అన్నాడు పెద్దాయన.

ఏం కావాలి అని కాదు, ఎంతలో కావాలి అని అసలే కాదు. కంభం చెరువుకే పెద్దాయనా, కొరమీను పడదామని వచ్చాను, పెద్ద గాలాలు కావాలి, కప్ప బొమ్మ ఎర ఉంటే అది కూడా ఇవ్వండి అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

“కప్ప బొమ్మ ఉంది. ఇప్పుడు అమ్మను. వానలకి కొరమీనులు పిల్లలు పెట్టినయ్. నీళ్ళ మీద ఎర్రగా ముద్ద కదలతంటే అయ్యి దాని పిల్లలు. కింద తల్లో తండ్రో కాపలా ఉంటది. నువ్వు బొమ్మేస్తే తటాలున పట్టుకుంటది. ఆకలై కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని. దాన్ని తీసుకుపోతే ఆ పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకే. సంక్రాంతి దాటినాక రా, నేనే ఇస్తా.”

కాదనడానికి నా దగ్గర మాట లేదు. కొనడానికి వచ్చినవాడికి అమ్మను అని చెప్పి, ఎందుకు అమ్మడో అంత ఓపిగ్గా చెప్పిన మనిషిని నేను ఇంతకు ముందు చూడలేదు.

గాలాల పెట్టె తీసి 8 నంబరువి ఆరు లెక్కపెట్టాడు. చూడ్డానికి చిన్నవి. నేను 2 నంబరు అడుగుదామనుకున్నానని తెలిసి, నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుందని, రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాడు. జెల్లకి, జిలేబికి, కిలో లోపు శీలావతికి ఇది చాలు. పెద్దది పెడితే నోట్లోకి పోదు, ఎర మాత్రం పోతుంది. ఇన్నేళ్ళుగా నా ఎరలన్నీ ఎటు పోయాయో నాకప్పుడు తెలిసింది.

అప్పుడు రీలు చూశాడు. దారం కొస పట్టుకుని వేలి మధ్య దొర్లించాడు.

“దారం మంచిదే. చుట్టినోళ్ళు తిరగేసి చుట్టినారు.”

ఎదురింటి పిల్లవాణ్ణి పిలిచి కొస చేతికిచ్చాడు. వాడు సందు వెంబడి నడిచాడు. మోటారు సైకిలు మీదుగా ఎత్తి, పడుకున్న గేదె పక్కనుంచి తప్పించి, మసీదు మలుపు దాకా దారం లాక్కుపోయాడు. అక్కడ వదిలేయమని పెద్దాయన కేకేశాడు. దారం నేల మీద పాములా తనంతట తాను దొర్లి, మెలికలు విప్పుకుంది. సందులో పోయేవాళ్ళు ఆగి, దాటి, మళ్ళీ నడిచారు. ఎవరూ విసుక్కోలేదు. వాళ్ళకిది అలవాటే అనుకుంటాను. తడిగుడ్డ మధ్యలోంచి దారాన్ని పోనిస్తూ పావుగంట సేపు రీలుకి మళ్ళీ చుట్టాడు. చివరి రెండు బారలు నలిగాయని కోసేశాడు.

ముడి మాత్రం ఆయన వెయ్యలేదు. నాతో వేయించాడు. కంటిలోంచి కొస దూర్చి, దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పి, గాలం కన్ను దగ్గరి సందులోంచి కొస తీసి, బిగించబోయాను. చేతి మీద చిన్న దెబ్బ వేశాడు. నోట్లో పెట్టి తడపమన్నాడు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి తంగూసు అక్కడే బలం పోగొట్టుకుంటుందట. మూడుసార్లు కోసేశాడు, నాలుగోది లాగి చూసి సరే అన్నాడు. చెరువు కాడ తెగితే నేనుండను గదా అన్నాడు.

ఈలోపు ఒక పిల్లవాడు పది రూపాయలు పట్టుకుని వచ్చాడు. వాణ్ణి కూడా అదే ప్రశ్న అడిగాడు. ఊరి కుంటకట. వాడికి ఇంకా చిన్న గాలాలిచ్చి, ముళ్ళు గుచ్చుకోకుండా పాత పలక చెక్క చట్రం ముక్కకి గుచ్చి ఇచ్చాడు. నాకు పట్టినంత సమయం వాడికీ పట్టింది.

ఆరు గాలాలు, ఒక బెండు, నాలుగు సీసం గుళ్ళు. 45 రూపాయలు. రీలుకి ఎంత అంటే దారం నీదే గదా అన్నాడు. చేపల సొసైటీ వాళ్ళు కట్ట మీద ఉంటారు, అడిగి కూచో, వాళ్ళ వలలున్న వైపు పోవద్దు అని చెప్పి, సాయంత్రం వచ్చి ఏమైందో చెప్పి పొమ్మన్నాడు.

కంభం చెరువు గురించి ఎన్నిసార్లు చదివినా కట్ట మీద నిలబడితే మళ్ళీ ఆశ్చర్యమే. రెండు కొండల మధ్య గుండ్లకమ్మ దూరే ఇరుకు చూసి అక్కడే అడ్డం కట్టారు. కట్ట ఎత్తు 57 అడుగులు. దాని వెనక ఏడు కిలోమీటర్ల పొడవున నీళ్ళు. సుమారు 430 చదరపు మైళ్ళలో పడిన వాన ఇక్కడికి చేరుతుంది. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడాల్లో చేర్చింది. వాన రాని ఏళ్ళలో ఇదే చెరువు అడుగు బీటలు వారి, మేకలు మేసే బయలుగా కూడా చూశాను. అందుకే నీళ్ళు చూస్తే ఇక్కడివాళ్ళ గొంతే మారిపోతుంది.

సొసైటీ మనిషిని అడిగాను. ఏ అంగట్లో కొన్నావన్నాడు. చెప్పగానే చెయ్యి ఊపి ఒక మూల చూపించాడు. తుమ్మ మోళ్ళు మునిగి ఉన్న చోటు. ఎర్రని, అదే వానపాముని, గుచ్చి కూర్చున్నాను. రెండు గంటల్లో వేలెడంత జెల్లలు రెండు పడ్డాయి, వదిలేశాను. నాలుగు దాటాక బెండు కదలడమే మానేసింది. సంచిలో పిన్ని కోసం కొన్న వేరుశనగ చెక్క ఉంది, వాళ్ళ గేదెకి. చిన్న ముక్క విరిచి, టీ కొట్టు బన్నుతో కలిపి ముద్దచేసి పెట్టాను. బెండుని పైకి జరిపి గాలాన్ని రెండు మూరల లోతుకి దించాను. పది నిమిషాలకి బెండు పక్కకి పడుకుంది. తర్వాత మునిగింది. కర్ర వంగింది, రీలు పాడింది, దారం ఎక్కడా ముద్దకట్టలేదు. ముప్పావు కిలో ఉంటుంది, శీలావతి. ముడిని వేలితో తడిమి చూశాను. వేసినది వేసినట్టే ఉంది.

అంగడి కట్టేసే వేళకి చేరాను. పెద్దాయన చేపని చూడలేదు, నన్ను చూశాడు.

“ఎర్రలకేనా?”

“కాదు పెద్దాయనా. చెక్క ముద్దకి.”

“ఎంత లోతు?”

“రెండు మూరలు.”

“ఏ వేళప్పుడు?”

“నాలుగు దాటాక. మోళ్ళ దగ్గర.”

మేకు నుంచి పలక దించాడు. అరచేత్తో ‘ఎర్రలు’ అన్న మాట తుడిచాడు. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం కూర్చి రాశాడు: “చెక్క ముద్ద. రెండు మూరలు. నాలుగు తర్వాత.” మళ్ళీ మేకుకి తగిలించి, తలుపు చెక్కలు ఒక్కొక్కటే పెట్టసాగాడు. పొద్దున్నే వచ్చేవాళ్ళకి కనబడాలని పలకని మాత్రం బయటే ఉంచాడు.