చూడ వచ్చుట



ఎల్లారెడ్డిపేటకు కొలది దూరమున, పెద్ద బాటనుండి లోపలికి తిరిగిన ఒక పల్లెలో మా చిన్న దేవాలయమున్నది. ఆ పల్లె పేరు వ్రాయను. నేను చెప్పబోవునది నా తప్పిదమును గూర్చియే గాని ఆ పల్లెవారిని గూర్చి కాదు. దేవాలయపు గోడలు రాతివి, సున్నముతో కట్టినవి. కప్పు పెంకులది. వాకిట ఒక వేపచెట్టు, దాని కొమ్మకు వ్రేలాడు ఒక గంట. నూట యిరువదిమంది కూర్చుండిరా, లోపల చోటుండదు. పట్టణమునుండి వచ్చిన చుట్టములు దానిని చూచి "ఇదేనా మీ చర్చి?" అని నవ్వుదురు.

నేను ఏబది యేండ్లు దాటినవాడను. హైదరాబాదులో వేదాంత విద్య ముగించి, బిషప్పుగారి హస్తనిక్షేపణము పొంది, పంపిన చోటికెల్ల వెళ్లి సేవచేయుచు ఈ పాస్టరేటునకు వచ్చితిని. ఇందు తొమ్మిది పల్లెలున్నవి. సంఘములు తొమ్మిది, గురువు ఒక్కడు. తక్కిన ఆదివారములలో సువార్తికులును పెద్దలును ఆరాధన నడిపింతురు. ప్రభువు బల్ల మాత్రము గురువు వచ్చిన దినముననే. కావున మా పల్లెలలో "అయ్యగారు ఎన్నడొస్తరు?" అనునది ఊరక అడుగు ప్రశ్న కాదు. ఆకలిగొన్నవాడు అడుగు ప్రశ్న.

మనది బిషప్పులుగల సంఘము. అయితే మా ప్రాంతమున మొదటినుండియు అట్లు లేదు. 1880ల దశకమున కరీంనగరు ప్రాంతమునకు సువార్త తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనువారు. వారికి బిషప్పులు లేరు. వారి గురువులు పల్లెవెంట పల్లె తిరుగుచు, చెట్టు క్రింద కూర్చుండి బోధించి, బాప్తిస్మములిచ్చి ముందుకు సాగెడివారు. తెలంగాణమున మరియొక ప్రక్కనున్న దోర్నకల్లులో ఆంగ్లికను సంఘముండెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి. ఎస్. అజరయ్యగారు ఆ సంఘమునకు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములలో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు, మన తెలుగు పల్లెలను తన పల్లెలుగా చేసికొని, ఎడ్లబండిమీద వాటిలో తిరిగెను. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తమ తలపైనే ఉంచుకొని, సువార్తను దాచుకొనిన తమకు కీడే యని పౌలు భక్తుని భావముతో (1 కొరింథీ 9:16) ఒప్పుకొనునట్లు నేర్పెను. గురువు చేయి తీసిన తరువాత ఎవరి చేయి వారి తలమీద! అనగా పని గురువుది మాత్రమే కాదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కతీడ్రలులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలువారు కలిసి దక్షిణ ఇండియా సంఘమైరి. బిషప్పులు లేనివారు బిషప్పులను అంగీకరించిరి. బిషప్పులున్నవారు తక్కినవారి గురువులను తమ గురువులుగా అంగీకరించిరి. 1978లో కరీంనగర్ డయాసిసు ఏర్పడెను. ఈ చరిత్రనంతయు నేను పరీక్షలకు చదివినవాడనే. చదివినది వేరు, నేర్చుకొనినది వేరు.

కొన్ని యేండ్ల క్రిందట మా పల్లె సంఘమునకు ఒక ఆశ కలిగెను. మా యువకులు పలువురు దుబాయికిని మస్కటుకును పోయి కష్టించి డబ్బు పంపుచుండిరి. పాత గుడిని కూలద్రోసి స్లాబు వేసిన పెద్ద మందిరము కట్టవలెనని కమిటీలో మాట వచ్చినది. వానకాలమున పెంకుల సందులనుండి నీళ్లు కారుట నిజమే. నాకును ఉత్సాహము కలిగెను. సిరిసిల్లలో ప్లాను గీయించితిమి. ద్వారమునొద్ద శిలాఫలకముండునని ప్లానులో వ్రాసియుండెను. దానిమీద నా పేరు ఏ వరుసలో వచ్చునో యని నేను లోలోపల తలంచితిని. ఈ మాట ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాను.

ఆ సంఘమున ఒక వృద్ధుడుండెను. పడుచుతనమున దొరల యింట జీతమున్నవాడు. నలువది యేండ్లు ఆ గంట కొట్టినవాడు ఆయనయే. మంచము పట్టిన తరువాత ఆయన భార్య ఆ పని తీసికొనెను. పగలంతయు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టును. ఆదివారము తెల్లవారగానే గంట త్రాడు పట్టును. ఊరంతయు ఆమెను అవ్వ అందురు. వారి కుమారుడు దుబాయిలో కూలి.

ఒక సోమవారము అవ్వ ఆటో ఎక్కి నా యింటికి వచ్చెను.

"అయ్యగారూ, ముసలాయనకు మాట పడిపోతున్నది. బల్ల కావాలె అంటున్నడు. జర వచ్చిపోండ్రి."

"ఆదివారం ఎట్లయినా వస్తున్న గద అవ్వా. ఆరాధన అయినంక ఇంటికొచ్చి ఇస్త" అంటిని.

ఆమె తల యూపి వెళ్లిపోయెను. ప్రియులారా, ఆ వారములో నేను ఆ పల్లెకు మూడు మారులు వెళ్లితిని. మంగళవారము మేస్త్రితో కొలతలు తీయించుటకు. గురువారము కమిటీ కూటమునకు. శుక్రవారము ఇసుక బేరమునకు. గుడినుండి ఆ యిల్లు నూరడుగులు. మూడు మారులును ఆ నూరడుగులు నేను నడువలేదు. ఆదివారమని చెప్పితిని గదా యని నా మనస్సాక్షికి జవాబు చెప్పుకొంటిని.

శనివారము తెల్లవారుజామున గంట మ్రోగెనట. ఆరాధన గంట కాదు. ఒక్కొక్క దెబ్బ, నడుమ మౌనము. అవ్వయే కొట్టినది.

భూస్థాపన దినమున కుమారుడు రాలేకపోయెను. సెలవు దొరకలేదు. ఎవరో ఫోను పట్టుకొని తండ్రి ముఖము చూపించిరి. వాడు ఏడ్చి, నన్ను పిలిచి, "అయ్యగారూ, మా నాయిన బల్ల తీసుకున్నడా?" అని అడిగెను. నాకు నోరు రాలేదు. అవ్వ ఫోను తీసికొని, "దేవుడు మీ నాయినను ఇడువలేదు బిడ్డా, నువ్వు రంది పడకు" అనెను. అందు అబద్ధము లేదు, నామీద నేరమును లేదు. తరువాత నేనామెతో ఒంటరిగా మాటలాడబోగా ఆమెయే చెప్పెను: "రాత్రి నోట్ల నీళ్లు పోసి, ప్రార్థన చేసిన అయ్యగారూ. మీకోసం వాకిలి దిక్కు సూస్తనే ఉన్నడు."

ఆ సాయంకాలము సమాధి రిజిస్టరులో ఆయన పేరు వ్రాయుటకు కూర్చుంటిని. పాత రిజిస్టరులు కూడ తీసి ఆయన బాప్తిస్మము వెదకితిని. సిరా వెలిసిపోయిన ఆ పుటలలో ఎందరో గురువుల చేతివ్రాతలు. పుట్టినవారు, పెండ్లియైనవారు, పోయినవారు. ఒక పుట అంచున ఏ గురువో పెన్సిలుతో, వాగు పొంగిన దినమున దానిని దాటి వచ్చి అయిదుగురు రోగులను చూచినట్లు వ్రాసికొనియుండెను. ఆ గురువు పేరు ఏ రాతిమీదను లేదు. వాగు దాటి ఆయన వచ్చెను. వాన లేదు, వాగు లేదు, నూరడుగులు దాటి నేను పోలేదు.

అప్పుడు వేదాంత కళాశాలలో నేర్చిన గ్రీకు మాటలు రెండు నాకు జ్ఞాపకము వచ్చినవి. బిషప్పు అను మాట ఎపిస్కొపొస్ అను గ్రీకు మాటనుండి వచ్చినది. అనగా కనిపెట్టి చూచువాడు. మత్తయి 25వ అధ్యాయములో ప్రభువు, తాను రోగియైయుండగా తన్ను చూడ వచ్చిన వారినిగూర్చి చెప్పెను గదా. అచ్చట చూడ వచ్చుటకు వాడిన క్రియయు ఆ కుటుంబములోనిదే. ఈ పాఠమునకు నాకు మంచి మార్కులు వచ్చినవి! అధ్యక్షత్వమనగా ఎత్తయిన పీఠము కాదు, మంచము ప్రక్కన కూర్చుండుట. బిషప్పుగారు అన్ని పల్లెలకు రాలేరు. అందుకే గురువును పంపుదురు. గురువు అన్ని యిండ్లకు పోలేడు. అందుకే మీ తలమీద మీ చేయి. ఎవరును చూడ పోని సంఘమునకు బిషప్పు ఉన్నను అది బిషప్పులేని సంఘమే.

రెండవ మాట పారిష్. ఇది పారోయికియ అను గ్రీకు మాటనుండి వచ్చినది. దాని అర్థము పరవాసము, తనది కాని చోట కాపురము. పేతురు భక్తుడు మన జీవితకాలమంతయు అట్టిదే యని చెప్పుచున్నాడు (1 పేతురు 1:17). మా పల్లెవారికి ఈ మాట అర్థము చెప్ప పనిలేదు. ఇంటికొకడు పరదేశమున ఉన్నాడు. పారిష్ అనగా నాలుగు గోడలును ఒక కంచెయు అని నేననుకొంటిని. అది బాటసారుల కూటము. వారిలో ఒకడు బాట చివరకు వచ్చి నన్ను పిలిచెను.

మరుసటి నెల కమిటీవారితో మెదకు కతీడ్రలు చూచుటకు వెళ్లితిమి. మందిరపు నమూనా చూడవలెనని ముందే అనుకొనిన ప్రయాణమది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టించిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. గోపురము ఎత్తు సుమారు 175 అడుగులు. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చూపు మూడు రంగుటద్దాల కిటికీలు చూచి మావారు నోరు తెరచిరి. నేను మాత్రము వేరొక సంగతి తలంచుచుంటిని. అది కరవు కాలము. పాస్నెట్ దొరగారు ఆ కట్టడపు పని ఆకలిగొన్న పల్లెవారికిచ్చి, వారికి అన్నము దొరకునట్లు చేసెను. అంత పెద్ద గుడియు ఆకలిగొన్నవారిని చూచి కట్టినదే. కట్టుట పాపము కాదు. మంచముమీదనున్నవానిని దాటిపోయి కట్టుట పాపము.

తిరిగివచ్చిన ఆదివారము ఆరాధనలో, ప్రభువు బల్లకు ముందు, సంఘము నెదుట నా తప్పు ఒప్పుకొంటిని. కొందరు తల వంచుకొనిరి. ఒక యువకుడు లేచి, "అయ్యగారూ, మరి వాన పడితె మామీద కారుతది గద?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. రెండు నెలలు మాటలాడుకొంటిమి. కోపములు వచ్చినవి, ఒక కుటుంబము కొన్నాళ్లు గుడికి రాలేదు. కడకు గోడలు నిలిపి, దూలములు మార్చి, పెంకులు కొత్తవి వేయుటకు ఒప్పుకొంటిమి. శిలాఫలకము లేదు.

దానితోకూడ ఒక నోటుపుస్తకము కొంటిమి. ఏ పల్లెలో ఎవరు మంచము పట్టినను వారి పేరు అందులో వ్రాయవలెను. మూడు దినములలో పెద్దలలో ఒకరో స్త్రీల మైత్రిలో ఒకరో చూడ పోవలెను. బల్ల అడిగినవారి యింటికి నేను ఆదివారమునకు ఆగక పోవలెను. పరదేశములనున్నవారి పేర్లు నెలకొకసారి ఆరాధనలో చదివి ప్రార్థింపవలెను. ఇప్పుడు తొమ్మిది పల్లెలలోను ఇట్టి పుస్తకములున్నవి. అన్నియు చక్కగా నడుచుచున్నవని చెప్పను. ఒకటి రెండు పల్లెలలో పుటలు ఖాళీగానున్నవి. అచ్చట రోగులు లేక కాదు.

ఆ పుస్తకములో అందరికంటె ఎక్కువసార్లు వచ్చు పేరు అవ్వదే. బీడీలు కార్ఖానాలో అప్పగించి, సాయంకాలము ఎవరో ఒకరి యింటికి పోవును. నేను క్షమింపుమని అడిగిన దినమున ఆమె నాతో పెద్దగా ఏమియు అనలేదు. గంట వైపు చూచి ఇట్లనెను: "అది కొట్టేది పిలుసుటానికె అయ్యగారూ. మేం పిలిస్తే మీరు గూడ రావాలె గద."

నేను విన్న ప్రసంగములలో ఇంత చిన్నది మరియొకటి లేదు. నేటికిని ఆదివారము ఆ గంట విన్నప్పుడెల్ల ఆ మాటయే నా చెవిని పడును.

చదువుచున్న సహోదరుడా, సహోదరీ, మీ సంఘములో ఈ వారము ఎవరు మంచము పట్టియున్నారు? వారి వాకిలికి మీ వాకిలికి ఎన్ని అడుగులు? గురువు రాలేదని గొణుగుకొనక ముందు మీ తలమీద మీ చేయి ఉంచుకొనుడి. గురువులైన నా తోడి సేవకులారా, ఆదివారమునకు వాయిదా వేయకుడి. శనివారము మన చేతిలో లేదు.

ప్రభువా, పైనుండి మమ్మును చూడ వచ్చినవాడా, వాకిలి దిక్కు చూచుచున్నవారిని మాకు చూపించుము. నూరడుగులు నడచుటకు మా కాళ్లకు బలమిమ్ము. ఆమేన్.