లుంబినిలో చివరి మజిలీ

పెనుగొలను నుంచి తిరువూరు వెళ్లడానికే వెనకాడే అమ్మ నాతో నేపాల్ యాత్ర బస్సెక్కింది. నాన్న పోయాక ఆవకాయ కూడా పెట్టలేదు. బస్సులో రాజమండ్రి ఆవిడ పరిచయమయ్యారు. ఆమెదీ ఒంటరి బతుకే. ఆమె ఆవకాయ సీసాతోనే స్నేహం కుదిరింది. నన్ను పక్క గదికి తరిమేశారు!

చివరి మజిలీ లుంబిని. అశోకుడు ఈ ఊరికి పన్ను మాఫీ చేసి, పంటలో ఎనిమిదో వంతే శిస్తుగా ఉంచాడని స్తంభం మీద చెక్కి ఉందట. ‘‘అదీ రాజంటే!’’ అంది అమ్మ, రైతు బిడ్డ కదా. బుద్ధుడు పుట్టిన ఏడో రోజునే మాయాదేవి కన్నుమూసిందని గైడు చెప్పగానే ఇద్దరూ కోనేటి మెట్ల మీద కూలబడ్డారు. చాలాసేపు మాటల్లేవు.

సాయంత్రం సునౌలీ సరిహద్దు నడిచి దాటుతున్నాం. వెనకనుంచి అమ్మ గొంతు... ‘‘ఈ ఏడు మా తోట కాయలతో ఆవకాయ పెడదాం, రండి వదినగారూ!’’